పిల్లల భరణం కడుతున్నవారికి పన్ను ఊరట, ఆర్థిక సాయం: మొదటి నుంచి చివరి దాకా ఏం చేయాలి

ప్రతి ఏడూ జూన్, జూలై నెలల్లో రిటర్నులు వేసేటప్పుడు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "కోర్టు చెప్పినట్టు పిల్లలకు నెల నెలా మెయింటెనెన్స్ కడుతున్నాను. దీనికి ట్యాక్స్‌లో ఏమైనా తగ్గుతుందా?"

నేరుగా అయితే తగ్గదు. భరణం పేరుతో కట్టిన డబ్బును ఆదాయంలోంచి తీసేసే సెక్షన్ మన ఆదాయపు పన్ను చట్టంలో లేదు. అయితే అదే డబ్బులో కొంత స్కూలు ఫీజుగానో, ఆరోగ్య బీమాగానో మీ ఖాతా నుంచి వెళితే కొందరికి ఊరట దొరుకుతుంది. కట్టలేని పరిస్థితి వస్తే కోర్టును అడిగే దారి కూడా ఉంది. చాలామంది ఈ రెండింటినీ వాడుకోలేకపోవడానికి కారణం చట్టం కాదు, పనులు తప్పు వరుసలో చేయడం.

ఇక్కడ "మీరు" అంటే భరణం కట్టే తండ్రి గానీ తల్లి గానీ. కట్టేది ఎక్కువగా తండ్రులే కాబట్టి ఉదాహరణలు వాళ్లవే ఉంటాయి.

1. ముందు ఫైలు తయారు చేసుకోండి

ఒక ప్లాస్టిక్ ఫోల్డరు కొని, కింది కాగితాలన్నీ అందులో పెట్టండి. వకీలుకూ, రిటర్ను వేసే మనిషికీ చూపించాల్సింది ఈ ఒక్క ఫోల్డరే కావాలి.

- కోర్టు ఆర్డరు సర్టిఫైడ్ కాపీ, ఎంసీ లేదా ఓపీ నంబరుతో (మీ కేసుకు కోర్టు ఇచ్చిన నంబరు)
- మధ్యంతర ఆర్డరు ఉంటే అది కూడా
- రాజీ కుదిరితే కాంప్రమైజ్ మెమో
- పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్ కాపీలు
- ఆర్డరు వచ్చిన నెల నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్లు
- స్కూలు ఫీజు రసీదులు, బీమా ప్రీమియం రసీదులు
- మీ ఫారం 16, మూడేళ్ల రిటర్నులు, జీతం స్లిప్పులు

వీటితో పాటు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. నెల, కట్టిన తేదీ, మొత్తం, ట్రాన్సాక్షన్ నంబరు అని నాలుగు గళ్లు చాలు. మూడేళ్ల తర్వాత "ఫలానా నెల కట్టలేదు" అని అవతలివైపు పిటిషన్ వేస్తే, ఆ రోజు మిమ్మల్ని కాపాడేది ఈ నోటుబుక్కే.

2. ఆర్డరులో మాటలు సరిగ్గా రాయించుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. అందరూ వదిలేసేదీ ఇదే. "పిటిషనర్లకు నెలకు 25,000" అని మొత్తంగా ఆర్డరు వస్తే, తర్వాత దేనికి ఎంతో తేల్చడం కష్టం. రాజీ మాటలు నడుస్తున్నప్పుడే మీ వకీలుకు ఈ నాలుగు విషయాలు చెప్పండి.

మొదటిది, భార్యకు ఎంత, ఒక్కో బిడ్డకు ఎంత అన్నది విడివిడిగా రాయించండి. బిడ్డకు తండ్రి బంధువే కాబట్టి తండ్రి ఇచ్చిన డబ్బు మీద బిడ్డకు పన్ను పడదు. విడాకుల తర్వాత మాజీ భార్య చట్టం లెక్కలో బంధువు కాదు. ఆమెకు నెలనెలా వచ్చే మొత్తం ఆమె ఆదాయమని పన్ను శాఖ అనవచ్చు. పిల్లల డబ్బు అందులో కలిసిపోతే ఆమెకూ తలనొప్పే.

రెండోది, నెలకు ఇచ్చే నగదు ఎంత, నేరుగా కట్టే ఫీజు ఎంత అన్నది వేరు చేయించండి. "స్కూలు ట్యూషన్ ఫీజు ప్రతివాది నేరుగా స్కూలుకు కట్టాలి, దీన్ని భరణంలో భాగంగా లెక్కించాలి" అన్న ఒక్క వాక్యం ఉంటే ఫీజుకు పన్ను మినహాయింపు ఇచ్చే 80సీ సెక్షన్‌కీ పనికొస్తుంది, బకాయిల గొడవా రాదు.

మూడోది, ఆరోగ్య బీమా ఎవరు తీసుకోవాలి, ప్రీమియం ఎవరు కట్టాలి అన్నది.

నాలుగోది, వేరే కేసులో ఇప్పటికే భరణం ఆర్డరు ఉంటే దాన్ని ఇందులో సర్దుబాటు చేయాలన్న మాట. రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. ముందు వచ్చిన ఆర్డరు సంగతి కోర్టుకు చెప్పాలి, ఆ మొత్తాన్ని కోర్టు సర్దుబాటు చేయవచ్చు. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం చూపుతూ అఫిడవిట్ వేయాలన్నదీ ఆ తీర్పులోదే.

ఆర్డరు ఇప్పటికే వచ్చేసి, అందులో ఇవి లేకపోతే? ఇద్దరికీ సమ్మతమైతే కోర్టులో ఇద్దరూ కలిసి జాయింట్ మెమో వేసి మార్పించుకోవచ్చు. అంతే గానీ ఆర్డరులో లేకుండా మీ అంతట మీరు ఫీజు కట్టేసి, నెల డబ్బులో కోత పెట్టకండి. ఆ ఫీజును మీరు ఇష్టపడి చేసిన ఖర్చుగా చూసి, కోసిన మొత్తాన్ని బకాయి కింద రాసే ప్రమాదం ఉంది.

3. డబ్బు ఎలా పంపాలి

- చేతికి నగదు ఇవ్వకండి. మధ్యవర్తి ద్వారా కూడా వద్దు.
- మీ సొంత ఖాతా నుంచే పంపండి. మీ నాన్నగారి ఖాతా నుంచో తమ్ముడి ఫోన్‌పే నుంచో పంపితే ఎవరు కట్టారన్నది మళ్లీ రుజువు చేయాలి.
- రిమార్క్స్‌లో "భరణం మే 2025, ఎంసీ నంబరు ఫలానా" అని రాయండి.
- జీతం పడిన మర్నాటికి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టేయండి.

ఒకాయన నా దగ్గరికి కవరు నిండా ఫీజు రసీదులు తెచ్చారు. రసీదుల మీద మొత్తం 62,000. ఆయన ప్రతి టర్మూ ఆ డబ్బు భార్యకు పంపేవారు, ఆమె స్కూల్లో కట్టేది. రసీదుల మీద ఆమె పేరుంది, కట్టింది ఆమె కార్డుతో. ఉద్యోగం చేస్తోంది కాబట్టి ఆ 62,000 తన రిటర్నులో 80సీ కింద చూపించుకుంది కూడా. ఆమె చేసిందాంట్లో తప్పేమీ లేదు. డబ్బు ఈయనదే, కానీ రసీదు ఈయనది కాదు. స్కూలు పోర్టల్‌లో తన ఖాతా నుంచి కట్టి ఉంటే ఆ మినహాయింపు ఈయనకు వచ్చేది.

4. మీకు ఆ మినహాయింపు అసలు అవసరమా? లెక్క వేసుకోండి

80సీ, ఆరోగ్య బీమాకు ఇచ్చే 80డీ లాంటి మినహాయింపులు పాత పన్ను విధానంలోనే ఉన్నాయి. కొత్త విధానంలో ఇవేవీ రావు. కాబట్టి రసీదుల వెంట పరిగెత్తే ముందు ఏ విధానం మీకు లాభమో చూసుకోవాలి.

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటుతో పన్ను సున్నా. జీతగాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12.75 లక్షల జీతం దాకా పన్ను లేదు. మీ జీతం అంతకన్నా తక్కువైతే పన్ను గురించి టెన్షన్ వద్దు. నేరుగా 7వ అంశానికి వెళ్లండి.

జీతం 15 లక్షలు అనుకుందాం. ఏడాదికి 2,16,000 భరణం కడుతున్నారు.

కొత్త విధానంలో 14,25,000 మీద పన్ను 93,750. 4 శాతం సెస్సు కలిపి 97,500.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ 1,50,000, 80డీ 25,000 తీసేస్తే మిగిలేది 12,75,000. సెస్సుతో కలిపి పన్ను 2,02,800. అంటే పిల్లల ఫీజు, బీమా అన్నీ చూపించినా పాతది రెట్టింపు పైగా ఖరీదు.

అదే మనిషికి ఇంటద్దె మినహాయింపు 2 లక్షలు, ఇంటి లోను వడ్డీ 2 లక్షలు కూడా ఉంటే ఆదాయం 8,75,000కు దిగుతుంది. పన్ను 91,000. అప్పుడు పాతదే 6,500 లాభం.

అంటే ఈ జీతం దగ్గర అద్దె, ఇంటి లోను రెండూ ఉన్నవారికే పిల్లల ఖర్చుల మీద వచ్చే మినహాయింపు నిజంగా కలిసొస్తుంది. మిగతావాళ్లకు ఎవరైనా "భరణం మీద ట్యాక్స్ రీఫండ్ ఇప్పిస్తాం" అని చెబితే నమ్మవద్దు. తప్పుడు మినహాయింపు చూపించి తెచ్చిన రీఫండ్‌కు తర్వాత నోటీసు వచ్చేది మీ పేరు మీదే.

వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు ఏ ఏడుకా ఏడు విధానం మార్చుకోవచ్చు. పాతది కావాలంటే గడువులోపే రిటర్ను వేయాలి. ఆఫీసులో ఏది చెప్పినా రిటర్నులో మార్చుకునే వీలుంది.

5. పాత విధానం ఎంచుకుంటే ఏమేం చూపించవచ్చు

ఆదాయపు పన్ను చట్టం 2025 అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి. అందరికీ అలవాటైన పాత నంబర్లతోనే ఇక్కడ రాస్తున్నాను, ఫారం నింపేటప్పుడు కొత్త నంబరు చూసుకోండి.

ట్యూషన్ ఫీజు, 80సీ. ఇద్దరు పిల్లల వరకు, భారతదేశంలోని స్కూలు, కాలేజీ, యూనివర్సిటీలో పూర్తికాలపు చదువుకు. బిడ్డ మీ దగ్గరే ఉండాలన్న షరతు లేదు, మీ బిడ్డ అయి ఉండి ఫీజు మీరు కట్టాలి. డెవలప్‌మెంట్ ఫీజు, డొనేషన్ లెక్కలోకి రావు. బస్సు, యూనిఫాం, పుస్తకాల డబ్బు కూడా ట్యూషన్ ఫీజు కాదు. పీఎఫ్, ఎల్‌ఐసీ అన్నీ కలిపి 1.5 లక్షలే పరిమితి. మీ పీఎఫ్‌తోనే అది నిండిపోతే ఫీజు రసీదు కోసం అవతలివారితో గొడవ పెట్టుకోకండి.

తల్లీ తండ్రీ ఇద్దరూ చూపించవచ్చు, కానీ ఎవరు కట్టిన భాగం వారే. ఒకే రసీదు ఇద్దరు చూపిస్తే తప్పు.

ఆరోగ్య బీమా, 80డీ. మీకూ, మీ మీద ఆధారపడిన పిల్లలకూ కలిపి 25,000 వరకు. ప్రీమియం నగదుగా కట్టకూడదు. విడాకుల తర్వాత మాజీ భార్య ప్రీమియం ఇందులోకి రాదు, ఆమెను పాత ఫ్యామిలీ పాలసీలో అలాగే ఉంచకండి. బీమా కార్డు కాపీ పిల్లల దగ్గర ఉన్నవారికి పంపడం మరవద్దు. అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడేది వాళ్లు.

వైకల్యం ఉన్న బిడ్డ, 80డీడీ. ఇది ఉందని తెలియక వదులుకునేవాళ్లు ఎక్కువ. బిడ్డ పోషణ ప్రధానంగా మీ మీదే ఆధారపడి ఉంటే, 40 శాతం పైబడిన వైకల్యానికి 75,000, 80 శాతం పైబడితే 1,25,000. ఎంత ఖర్చయిందన్న దానితో పని లేదు, మొత్తం వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో సదరం క్యాంపుల్లో ఇచ్చే సర్టిఫికెట్ కాపీ మీ ఫోల్డరులో ఉంచుకోండి. కొన్ని వైకల్యాలకు ఫారం 10ఐఏ (వైద్యులు నింపి ఇచ్చే ధ్రువపత్రం) కూడా కావాలి.

చదువు లోను వడ్డీ, 80ఈ. లోను మీ పేరున ఉండి వడ్డీ మీరు కడితే ఎనిమిదేళ్ల వరకు, పరిమితి లేకుండా.

సుకన్య సమృద్ధి. పదేళ్లలోపు ఆడబిడ్డకు. ఏడాదికి 250 నుంచి 1.5 లక్షల వరకు, 80సీ లోపలే. ఒక బిడ్డకు ఒక్క ఖాతానే ఉండాలి. తల్లి ఇప్పటికే తెరిచి ఉంటే మీరు ఇంకోటి తెరవకండి. ముందు అడిగి తెలుసుకోండి. ఇందులో వేసిన డబ్బు నెల భరణానికి బదులు కాదని గుర్తుంచుకోండి.

6. బిడ్డ పేరున డిపాజిట్ వేసే ముందు

మైనరు పేరున ఉన్న ఎఫ్‌డీ వడ్డీని తల్లిదండ్రుల్లో ఒకరి ఆదాయంలో కలుపుతారు. కలిసి ఉన్నప్పుడు ఎవరి ఆదాయం ఎక్కువైతే వారిలో. వివాహం రద్దయితే ఆ సంవత్సరం బిడ్డను ఎవరు పోషిస్తున్నారో వారిలో.

చిక్కంతా ఇక్కడే. బిడ్డ తల్లి దగ్గర ఉంది, డబ్బు తండ్రి ఇస్తున్నాడు. మరి పోషిస్తున్నది ఎవరు? డిపాజిట్ వేసేటప్పుడే వడ్డీ ఎవరి రిటర్నులో చూపించాలో మెమోలో రాయించుకుంటే ఇద్దరూ వదిలేసే పరిస్థితి రాదు. ఏఐఎస్‌లో (పన్ను శాఖ పోర్టల్‌లో మీ ఆదాయ వివరాలు చూపే వార్షిక పట్టిక) ఆ వడ్డీ ఎవరి పాన్ మీద పడిందో ఏడాదికోసారి చూడండి. పాత విధానంలో ఒక్కో బిడ్డకు 1,500 వరకు మాత్రమే మినహాయింపు.

విడిపోయే ఒప్పందంలో భాగంగా భార్యకు ఇచ్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయాన్ని మీ ఆదాయంలో కలపరు. అందుకే గిఫ్ట్ డీడ్‌లో "విడిగా ఉండే ఒప్పందం మేరకు" అన్న మాట ఉండేలా చూసుకోండి.

7. కట్టలేని పరిస్థితి వస్తే

ఉద్యోగం పోయింది, ప్రమాదం జరిగింది, వ్యాపారం మూతపడింది. అప్పుడు చేయాల్సిన పనుల వరుస ఇది.

1. కట్టగలిగినంత ఆ నెలే కట్టండి. 18,000 బదులు 6,000 అయినా సరే. మీ ఉద్దేశం మంచిదని చూపే రుజువు అదే.
2. వెంటనే, బకాయి పేరుకోక ముందే, మొత్తం తగ్గించమని పిటిషన్ వేయండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో ఇది 146వ సెక్షన్. పాత సీఆర్‌పీసీలో 127. భరణం సెక్షన్ పాత 125, ఇప్పుడు 144.
3. రిలీవింగ్ లెటరు, ఆసుపత్రి కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేయండి.
4. ఇప్పటికే బకాయి ఉంటే వాయిదాల్లో కట్టడానికి అనుమతి అడగండి. ఎన్ని నెలల్లో, నెలకు ఎంత అన్నది మీరే రాసి ఇవ్వండి.

కోర్టు మార్చే దాకా పాత ఆర్డరే అమల్లో ఉంటుంది. కారణం లేకుండా ఆపేస్తే వారంటు రావచ్చు, ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు పడవచ్చు. డిక్రీ అమలులో జీతం అటాచ్ చేస్తే మూడింట రెండు వంతుల దాకా పోవచ్చు. అలా కోసుకున్నా పన్ను మాత్రం పూర్తి జీతం మీదే లెక్కిస్తారు.

"నెలకు ఇన్ని ఈఎంఐలు కడుతున్నాను" అన్న వాదన సాధారణంగా నిలబడదు. ఆదాయపు పన్ను, తప్పనిసరి పీఎఫ్ లాంటి కోతలను కోర్టు చూస్తుంది. మీరు ఇష్టపడి తీసుకున్న కారు లోనును పిల్లల తిండి కన్నా ముందు పెట్టదు, పెట్టకూడదు కూడా. తల్లి సంపాదిస్తుంటే పిల్లల చదువు ఖర్చును ఇద్దరి ఆదాయాల నిష్పత్తిలో పంచమని అడగడం మాత్రం న్యాయమైన మాటే. రజనీష్ తీర్పులో దానికి చోటుంది.

8. ఎక్కడెక్కడ సాయం అడగవచ్చు

వకీలు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. టోల్ ఫ్రీ 15100. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. మిగతా మగవారికి ఆదాయ పరిమితి ఉంటుంది, ధ్రువపత్రం తీసుకెళ్లండి. లోక్ అదాలత్‌లో రాజీ అయితే ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. కాబట్టి సంతకానికి ముందు 2వ అంశంలోని నాలుగు మాటలూ అందులో ఉన్నాయో లేదో చదువుకోండి.

బిడ్డ కోసం వచ్చే సాయాలు కొన్ని ఉన్నాయి. అవి తల్లి పేరున వచ్చినా బిడ్డకే చేరతాయి కాబట్టి అడ్డు పడకుండా కాగితాలు ఇవ్వండి.

- కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్: విడాకులు పొందిన లేదా వదిలివేతకు గురైన తల్లి పిల్లలకు నెలకు 4,000. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో.
- ఆంధ్రప్రదేశ్‌లో చదువుకునే పిల్లల తల్లికి డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకం
- విద్యా హక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో 25 శాతం సీట్లు
- గురుకులాలు, ఆరో తరగతిలో నవోదయ ప్రవేశం, ఇంటర్ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్

వీటిలో చాలావాటికి ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు కావాలి. బిడ్డ పేరు ఇంకా మీ కార్డులోనే ఉండిపోతే, తీసి తల్లి కార్డులో చేర్చడానికి సహకరించండి.

9. తరచూ జరిగే పొరపాట్లు

పిల్లల్ని చూడనివ్వడం లేదని డబ్బు ఆపడం. చూసే హక్కు వేరు, భరణం వేరు. విజిటేషన్ కోసం విడిగా పిటిషన్ వేయండి, డబ్బు పంపుతూనే ఉండండి.

భరణం తగ్గుతుందని ఉద్యోగం మానేయడం. కోర్టు మీ సంపాదించే శక్తిని చూస్తుంది. పోయేది మీ కెరీరే.

అఫిడవిట్‌లో ఒకటి, రిటర్నులో ఇంకొకటి. కోర్టుకు 30,000 జీతమని చెప్పి, బ్యాంకు లోను కోసం 9 లక్షల రిటర్ను వేసినవారు అవతలి వకీలు చేతికి దొరికిపోతారు. ఇప్పటికే తేడా ఉంటే మీ వకీలుకు ముందే చెప్పి సరిచేయించండి.

పెద్ద కానుకలను భరణంలో జమ వేయడం. పుట్టినరోజుకు కొన్న సైకిలు, పండక్కి కొన్న బట్టలు బిడ్డకు మీరిచ్చే ప్రేమ. నెల డబ్బుతో వాటికి లెక్క కలపకండి.

10. విదేశాల్లో ఉన్న తెలుగువారికి

అమెరికాలో చైల్డ్ సపోర్ట్ కట్టినవారికి మినహాయింపు లేదు, తీసుకున్నవారికి పన్ను లేదు. అయితే బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో వారు ఫారం 8332 మీద సంతకం పెట్టి ఇస్తే, రెండో వారు చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవచ్చు. ఏ ఏడాది ఎవరు తీసుకోవాలో సెటిల్‌మెంట్‌లోనే రాయించండి. బిడ్డ ఇండియాలో ఉంటే ఎన్ఆర్ఐ తండ్రి పంపే డబ్బు మీద ఇక్కడ బిడ్డకు పన్ను లేదు. ట్రాన్స్‌ఫర్ రసీదులు మాత్రం దాచండి.

11. బిడ్డకు 18 నిండే ముందు

పుట్టినరోజు వచ్చిందని ఆ నెలే డబ్బు ఆపేయకండి. ముందు ఆర్డరు తీసి చదవండి. బీఎన్ఎస్ఎస్ 144వ సెక్షన్ కింద ఇచ్చిన భరణం సాధారణంగా మైనరు బిడ్డకే. శారీరక, మానసిక వైకల్యం వల్ల సంపాదించలేని బిడ్డకు ఆ తర్వాతా కొనసాగుతుంది. పెళ్లి కాని కూతురు తనను తాను పోషించుకోలేకపోతే, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ కింద 18 దాటాక కూడా అడగవచ్చు. రాజీ మెమోలో "చదువు పూర్తయ్యే వరకు" అని ఉంటే అదే చెల్లుతుంది.

మూడు నెలల ముందు వకీలును కలిసి, జనన ధ్రువపత్రం జతచేసి కోర్టులో మెమో వేయండి. ఆ వేసవిలోనే బిడ్డ ఇంటర్ అయిపోయి ఇంజినీరింగో డిగ్రీయో చేరుతుంది. మొదటి ఏడాది ఫీజు ఎంత, మీరు ఎంత కట్టగలరు అన్నది అదే సమయంలో తల్లితో మాట్లాడి కాగితం మీద పెట్టండి. చదువు లోను తీసుకోవాల్సి వస్తే సహ రుణగ్రహీతగా ఎవరు సంతకం పెట్టాలో కూడా అప్పుడే తేల్చుకోండి, అడ్మిషన్ గడువుకు రెండు రోజుల ముందు కాదు.